నెలలు నిండని బిడ్డ మెదడుకు మొదటి 72 గంటలే గండం

సంపాదకులకు,

32 వారాలలోపు పుట్టిన బిడ్డ మెదడు లోపలి గదుల అంచున ఉండే రక్తనాళాలు చాలా పలచన. బీపీ పడిపోయినా, ఒక్కసారిగా లేచినా చిట్లిపోతాయి. ఆ రక్తస్రావం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది.

పుట్టగానే ఊపిరి బాగుంటే బొడ్డుతాడును కనీసం 60 సెకన్లు ఆగి బిగించాలి. తర్వాత తలను పక్కకు తిరగకుండా మధ్యకు, తిన్నగా ఉంచాలి. మెడ పక్కకు తిరిగితే సిర నొక్కుకుని మెదడులోంచి రక్తం కిందికి దిగదు.

మేం ఎక్కువగా భయపడే పొరపాటు, బీపీ తక్కువ కనిపించగానే సెలైన్‌ను సిరంజితో తోసేయడం. బీపీ అంకె ఒక్కటే చాలదు. మూత్రం, చర్మం రంగు, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందకపోతే రక్తంలో పెరిగే పదార్థం), గుండె ఎకో (స్కాన్) కలిపి చూడాలి. రక్తం, నీరు తగ్గాయని తేలితేనే కిలోకు 10 మి.లీ. చొప్పున, కనీసం 30 నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. చాలాసార్లు లోపం నీటిది కాదు, అలసిన గుండెది. డక్టస్ (పుట్టాక మూసుకుపోవాల్సిన, గుండె దగ్గరి రక్తనాళం) పెద్దగా తెరుచుకుని ఉంటే మెదడుకు వెళ్లాల్సిన రక్తం ఊపిరితిత్తులకు మళ్లుతుంది. ఎకో లేకుండా ఇది పసిగట్టడం కష్టం. వెంటిలేటర్ ఎక్కువ కొట్టి కార్బన్ డయాక్సైడ్ పడిపోయినా మెదడుకు రక్తం తగ్గుతుంది.

ఇచ్ఛాపురం, మందసల నుంచి శ్రీకాకుళం దూరం. కుదుపుల్లో పసిగుడ్డును పంపడం కంటే, కాన్పుకు ముందే తల్లిని తరలించడం ఎంతో మేలు. బయలుదేరే ముందే తల్లికి డెక్సామెథాసోన్ (బిడ్డ ఊపిరితిత్తులను, మెదడును కాపాడే స్టెరాయిడ్ సూది) 6 మి.గ్రా. మొదటి డోసు పడాలి. తర్వాత 12 గంటలకొకటి చొప్పున మరో మూడు. ఆ డోసు వేసిన సమయాన్ని రిఫరల్ చీటీ మీద తప్పక రాయండి.

— నవజాత శిశు వైద్యులు, నర్సులు, శ్రీకాకుళం