టెర్మినల్ గురించి అడిగితే నా బిల్లు గురించి చెబుతారేంటి?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. నది ఒడ్డున ఉన్న మీ ఆయిల్ టెర్మినల్‌లో పెద్ద ట్యాంకు పగిలితే ఆ చమురు మా ఊరికి తాగునీళ్లు తోడే చోటికి చేరుతుందా, ఆ లెక్క మీరు ఎప్పుడైనా వేశారా? అవుననో కాదనో ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

మొదట ఫోన్ ఎత్తినమ్మాయి ఖాతా నంబరు అడిగింది, ఇచ్చాను. "మీకు బాకీ ఏమీ లేదండి, తర్వాతి డెలివరీ ఎప్పుడు కావాలి?" అంది. ఆయిల్ కోసం కాదమ్మా, టెర్మినల్ గురించి అంటే, తన స్క్రీన్ మీద అలాంటి ఆప్షనే లేదంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కి కలిపింది. అక్కడ వాయిస్ మెయిల్ నిండిపోయిందని రికార్డింగ్ వచ్చి లైన్ కట్ అయింది, తర్వాత ఎప్పుడు చేసినా అదే రికార్డింగ్. టెర్మినల్ గేటు దగ్గరికే వెళ్లి అడిగాను, హెడ్ ఆఫీసుకి రాయమన్నారు. హెడ్ ఆఫీసుకి రాస్తే టెర్మినల్‌ని అడగమన్నారు. చివరికి కమ్యూనిటీ వ్యవహారాలు చూసే ఆయనెవరో ఫోన్ చేసి, నా ప్రశ్న పూర్తిగా వినకుండానే "మీరు ఇంజనీరా?" అని అడిగారు. కాదన్నాను. "మా ట్యాంకుల చుట్టూ కట్ట ఉందండి, టెన్షన్ పడకండి" అని పెట్టేశారు. ఆ సాయంత్రమే మీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, నా ఫిర్యాదు పరిష్కారమైందట, సర్వీసుకి ఎన్ని స్టార్లు ఇస్తానో చెప్పాలట! నాకు నిజంగా ఒళ్లు మండింది ఆ మెయిల్ చూశాకే.

ఆ కట్టను నేను చూశాను సార్. కంచె బయట అందరూ నడిచే దారి ఉంది కదా, పెద్ద వాన వెలిసిన మర్నాడు అటు వెళ్తుంటే కట్ట అడుగున ఉన్న గొట్టంలోంచి నీళ్లు ధారగా కాలవలోకి పోతున్నాయి. వాల్వు తెరిచి ఉంది, దగ్గర ఒక్క మనిషి లేడు. నీళ్ల మీద చమురు తెట్టు కనిపించలేదు, అబద్ధం చెప్పను. కానీ కట్టలో నిలిచిన వాన నీటిని ముందు పరీక్షించి, బాధ్యత గల మనిషి దగ్గరుండి వదలాలని, వదిలినట్టు రికార్డు రాయాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అదే ఈపీఏ, నిబంధనలే చెబుతున్నాయి. వాల్వు తెరిచి ఉన్నప్పుడు ట్యాంకు పగిలితే ఆ కట్ట ఉండి ఏం లాభం?

అసలు కట్ట ఉందన్నది నా ప్రశ్నకి జవాబే కాదు. ఏ టెర్మినల్ వల్ల పర్యావరణానికి భారీ హాని జరగొచ్చో తేల్చడానికి ఈపీఏ ఫారంలో ఐదు ప్రశ్నలుంటాయి. నీటి మీద ఓడలకి చమురు ఎక్కించే, దించే చోటైతే నిల్వ సామర్థ్యం 42,000 గ్యాలన్లున్నా చాలు. మిగతా నాలుగూ 10 లక్షల గ్యాలన్లు, ఆపైన ఉన్నవాళ్లకి: అన్నిటికన్నా పెద్ద ట్యాంకులోని చమురంతా, పైన పడే వాన నీటితో సహా, పట్టనంత చిన్నదా కట్ట, చేపలకీ పక్షులకీ సున్నితమైన ప్రాంతాలకీ హాని జరిగేంత దగ్గరలో ఉందా, తాగునీటి సరఫరా ఆపేయాల్సి వస్తుందా, గత ఐదేళ్లలో 10,000 గ్యాలన్లకి తగ్గకుండా ఒలికిందా. ఒక్కదానికి అవునని వచ్చినా ప్రమాదం జరిగితే ఏం చేస్తారో ప్లాన్ రాసి ఈపీఏకి పంపాలి. అన్నిటికీ కాదని వస్తే ఆ మాట రాసి సంతకం పెట్టిన ఫారం టెర్మినల్‌లో ఉంచుకోవాలి. అంటే మీరు ఏ రకమైనా సరే, ఎవరో ఒకరు కూర్చుని ఈ జవాబులు రాసే ఉండాలి. ఆ మనిషితో నన్ను మాట్లాడించడానికి మీకేం కష్టం?

కట్టని నమ్ముకోమంటున్నారు కాబట్టి చెబుతున్నాను. 1988 జనవరి 2న పెన్సిల్వేనియాలోని ఫ్లోరెఫ్‌లో డీజిల్ ట్యాంకు ఒక్కసారిగా చీలిపోయింది. వేరే చోట నలభై ఏళ్లు వాడి, విప్పి తెచ్చి, మళ్లీ అతికించిన ట్యాంకు అది. పూర్తిగా నీళ్లు నింపి పరీక్షించకుండానే వాడకంలో పెట్టారు. అక్కడా కట్ట ఉంది. డీజిల్ ఆ కట్ట మీంచి దూకి, పక్క స్థలంలోని పార్కింగ్ దాటి, మూతలేని వాన నీటి కాలవలో పడి మొనొంగహేలా నదిలో కలిసింది. నదిలోకి పోయింది సుమారు 7,50,000 గ్యాలన్లు. దిగువన దాదాపు 10 లక్షల మంది తాగునీళ్లకి ఇబ్బంది పడ్డారు. మరుసటి ఏడాది అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ ప్రమాదం, 1990లో చమురు కాలుష్య చట్టం, ఆ చట్టం వల్లే మీరు నింపాల్సిన ఈ ఫారం. నేను ఇంజనీరుని కాను, కానీ మా ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది మీ టెర్మినల్ పక్కనున్న నది నీళ్లే.

ఈ ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు వెచ్చబెట్టుకునే ఆయిల్ మీ దగ్గరే కొంటున్నాను. పక్కవాళ్లు తక్కువ రేటుకి ఇస్తామన్నా మారలేదు, బిల్లు ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. దానికి మీరిచ్చిన మర్యాద ఇదా?

సామాన్యుడెవరైనా ఒక టెర్మినల్ గురించి ఈపీఏ రీజినల్ అడ్మినిస్ట్రేటర్‌కి పిటిషన్ పెట్టుకోవచ్చు. నిల్వ, కట్టలు, తాగునీటికి ఎంత దగ్గర, ఇంతకుముందు ఒలికిన చరిత్ర, అన్నీ చూసి వాళ్లే తేలుస్తారు. నా పిటిషన్ సగం రాసేశాను, ఆ గొట్టం ఫోటోలు కూడా ఉన్నాయి. నెలాఖరులోగా ఆ ఫారం, తాగునీటి ప్రశ్నకి మీరు వేసిన దూరం లెక్క చూపించకపోతే అది వెళ్తుంది, ఒక కాపీ వాటర్ బోర్డుకి, ఒకటి పత్రికకి. చలికాలం ఆర్డర్ కూడా అప్పటిదాకా ఇవ్వను. జవాబు రాసేవాళ్లు తమ పేరు, నేరుగా దొరికే ఫోన్ నంబరు రాయండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్