చివరి షీటు గురించి మంత్రిగారికి ఒక ఉత్తరం

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. ముప్ఫై ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. రోడ్లు, డ్రైన్లు, కల్వర్టులు, కాలవ గట్లు నా చేత్తో గీసినవి లెక్కలేదు. మొదట్లో ట్రేసింగ్ పేపరు మీద, తరవాత కంప్యూటర్లో. ప్రతి సెట్టులోనూ చిట్టచివర ఒక షీటుండేది. దాని పేరు ‘ల్యాండ్‌స్కేప్’. మీ ఫైళ్ళలో అయితే ‘సుందరీకరణ’. ఇంజనీర్ల పనంతా అయ్యాక మిగిలిన ఖాళీ జాగాల్లో ఆకుపచ్చ రంగు నింపడం, అక్కడక్కడా గుండ్రాలు గీసి చెట్లనడం, అంతే అందులో పని. ఎస్టిమేటు ఎక్కువైందని పైనుంచి మాట వస్తే అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేది ఆ షీటే. ఎవరూ బాధపడేవాళ్ళు కాదు. నేనూ పడలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మా సందులోకొచ్చింది. పొద్దున గుమ్మం దగ్గరున్న నీళ్ళు మధ్యాహ్నానికి స్విచ్‌బోర్డు దాటాయి. వంటింట్లో గ్యాస్ బండ నీళ్ళ మీద తేలి, గోడకి కొట్టుకుంటూ టంగు టంగుమని చప్పుడు చేసింది. పై వాటా వాళ్ళు మమ్మల్ని మేడ మీదికి లాక్కున్నారు. డ్రోన్లు ఆహార పొట్లాలు వదిలితే చేతులు చాచి పట్టుకున్నాం. ఆరో రోజున కిందికి దిగితే ఇంట్లో అడుగు మందాన ఒండ్రు, గోడల చుట్టూ స్కేలు పెట్టి గీసినట్టు గోధుమరంగు గీత. నా సర్వీసులో అంత తిన్నగా గీత నేనెప్పుడూ గీయలేదు.

ఆ తరవాతే ఒక మనిషి గురించి చదవడం మొదలుపెట్టాను. ఆయన సంగతి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

పేరు యూ కాంగ్‌జియాన్. చైనావాడు, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు, అంటే నేలనీ నీటినీ చెట్లనీ కలిపి డిజైను చేసేవాడు. మనలాగే వాళ్ళకూ ఇంటిపేరు ముందు, కాబట్టి యూ అన్నది ఇంటిపేరు. 1963లో జెజియాంగ్ రాష్ట్రంలో జిన్‌హువా దగ్గర ఒక పల్లెలో, రైతు ఇంట పుట్టాడు. పదేళ్ళ వయసులో వాగుకి వరదొస్తే చూద్దామని ఒడ్డుకి పరిగెత్తాడు. కాళ్ళ కింద మట్టి జారి నీళ్ళలో పడ్డాడు. ఒడ్డు పొడుగునా ఉన్న విల్లో చెట్లు, రెల్లు దుబ్బులు నీటి వడిని తగ్గించాయి. అవి దొరకబుచ్చుకుని పైకొచ్చాడు. ఆ వాగుకి ఇప్పటిలా కాంక్రీటు గోడలుంటే తప్పకుండా మునిగిపోయేవాణ్ణి అని పెద్దయ్యాక చెప్పాడు.

ఆ మాట దగ్గర నేను చదవడం ఆపేశాను. నేను గీసిన కాలవల్లో పట్టుకోడానికి ఏమీ ఉండదు. లైనింగ్ నున్నగా ఉండాలని మూలన నోటు రాసింది నేనే. దానికో లెక్కుంది మంత్రిగారూ. గట్టు ఎంత నున్నగా ఉంటే నీరు అంత వేగంగా పోతుంది. వేగంగా పోతే కాలవ చిన్నది సరిపోతుంది, భూసేకరణ తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది. లెక్కలో తప్పు లేదు. అంత వేగంగా పోయిన నీరు ఎవరింటి మీద పడుతుందన్నది మాత్రం మా షీటులో ఉండదు. కింది ఊరు వేరే ప్యాకేజీ, అంటే వేరే కాంట్రాక్టు.

యూ బీజింగ్ ఫారెస్ట్రీ యూనివర్సిటీలో చదివి, అమెరికా వెళ్ళి 1995లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. రెండేళ్ళు అక్కడే ఉద్యోగం చేసి 1997లో పెకింగ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెనక్కొచ్చాడు. మరుసటి ఏడాదే సొంత సంస్థ పెట్టాడు, టురెన్‌స్కేప్ అని. ‘టు’ అంటే నేల, ‘రెన్’ అంటే మనిషి. రెండూ కలిపితే వాళ్ళ వాడుకలో మోటు పల్లెటూరివాడని కూడా అర్థం వస్తుందట. కావాలనే ఆ పేరు పెట్టుకున్నాడు.

అప్పటికి చైనా నగరాలన్నీ మన ఊళ్ళు ఇప్పుడు చేస్తున్న పనే చేస్తున్నాయి. నదులకి గోడలు, చెరువుల చుట్టూ గ్రానైటు, చౌరస్తాల్లో కత్తిరించిన పొదలు. దాన్ని ఆయన పూర్వం చైనా ఆడపిల్లలకి పాదాలు కట్టేసే ఆచారంతో పోల్చాడు. నాలుగు వేళ్ళూ విరిచి చిన్నగా కట్టిన పాదం అందమైనదన్నారు, ఆ పిల్ల మాత్రం నడవలేదు. నగరాలకీ అదే చేస్తున్నారు, నాకు పెద్ద పాదాల అందం కావాలి అన్నాడు. సుందరీకరణ అన్న మాట విన్నప్పుడల్లా నాకిప్పుడు ఆ కట్టిన పాదం గుర్తొస్తోంది. డివైడర్ల మీద కోనోకార్పస్ నాటించి, మళ్ళీ మనమే కొట్టించుకున్న ముచ్చట మీకు తెలియనిది కాదు.

2001లో ఆయన చేసిన జాంగ్‌షాన్ పార్కు మూతపడిన ఓడల కార్ఖానా జాగాలో ఉంది. తుప్పు పట్టిన క్రేన్లు పీకేయకుండా అలాగే నిలబెట్టాడు, చుట్టూ కలుపు అనుకునే గడ్డే పెంచాడు. షెన్‌యాంగ్‌లో ఒక ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ క్యాంపస్ పని వచ్చింది. చేతిలో డబ్బూ లేదు, టైమూ లేదు. లాన్లు వెయ్యకుండా వరి వేయించాడు. వాన నీళ్ళు చెరువులో నిలిపి మడులకి పెట్టారు. విద్యార్థులే నాట్లేసి, కోతలు కోసేవాళ్ళు. వచ్చిన అతిథులకి ఆ బియ్యం పొట్లాలు కట్టి ఇచ్చారు. కృష్ణా డెల్టా వాళ్ళకి ఇందులో వింతేముంది అనిపిస్తుంది. వింతల్లా క్యాంపస్ గేటు లోపల వరి ఉండటమే.

అన్నిటికన్నా మీరు చూడవలసింది హార్బిన్‌లో చున్‌లీ పార్కు, 34 హెక్టార్లు. కొత్త టౌన్‌షిప్ మధ్యలో ఒక చిత్తడి నేల మిగిలింది. చుట్టూ రోడ్లు పడేసరికి దానికొచ్చే నీరు ఆగి ఎండిపోసాగింది. యూ ఆ మధ్య నేలని ముట్టుకోలేదు. అంచు చుట్టూ గుంటలు తవ్వించాడు, తవ్విన మట్టిని పక్కనే దిబ్బలుగా పోయించాడు. టౌన్‌షిప్ వాన నీరు ముందు ఆ గుంటల్లో దిగి, అడుసు వదిలి, తేరుకుని మధ్యకి చేరుతుంది. మట్టి లారీలకెత్తి బయటికి పంపే పని లేదు. మా భాషలో చెప్పాలంటే కట్టింగూ ఫిల్లింగూ అక్కడికక్కడే సరి. పునాది గుంటలు తవ్వించే ఏ మేస్త్రీకైనా అర్థమయ్యే డిజైను.

ఆయన సొంత జిల్లా జిన్‌హువాలో నదులు కలిసేచోట యాన్‌వేజౌ పార్కు చేసినప్పుడు ఉన్న వరద గోడనే తీయించాడు. బదులు మెట్లు మెట్లుగా మట్టి గట్టు, దాని మీద మునిగినా బతికే గడ్డి. పైన ఎత్తుగా నడకవంతెన. వరదొస్తే కింది దారులు మునుగుతాయి, మునగాలనే కట్టాడు. పోయాక వదిలిన ఒండ్రే ఆ గడ్డికి ఎరువు.

ఆయన ఇవన్నీ కట్టి ఊరుకోలేదు. దేశ నాయకులకీ మేయర్లకీ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశాడు, ఊరూరా తిరిగి మేయర్లని కూర్చోబెట్టి పాఠాలు చెప్పాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2012 జులై 21న బీజింగ్ మునిగి 79 మంది పోయారు. అప్పుడు విన్నారు. 2015లో ప్రభుత్వం 16 నగరాల్లో ‘స్పాంజ్ సిటీ’ పనులు, అంటే వాన నీటిని నగరమే స్పాంజిలా పీల్చుకునేలా చేసే పనులు, మొదలుపెట్టింది. 2030కల్లా నగరాల విస్తీర్ణంలో 80 శాతం చోట్ల, పడ్డ వానలో 70 శాతం అక్కడే ఇంకాలి లేదా వాడుకోవాలి అన్నది లక్ష్యం.

మీ ఇంజనీర్లు ఝెంగ్‌ఝౌ సంగతి ఎత్తుతారు, ఎత్తాలి కూడా. స్పాంజ్ పనులకి బాగా ఖర్చుపెట్టిన నగరం అది. 2021 జులై 20న అక్కడ ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. మెట్రో రైల్లోనే 14 మంది చనిపోయారు. గంటకి రెండు వందల మిల్లీమీటర్లు పడితే ఏ స్పాంజూ పూర్తిగా పీల్చదు, నేనూ ఒప్పుకుంటాను. గోడా ఆపదు. బుడమేరు మళ్ళింపు కాలవ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడటం మనం చూశాం. నీటికి జాగా ఉన్నచోట వరద మెల్లగా ఎక్కుతుంది, మనిషికి మేడెక్కే టైమిస్తుంది. గట్టు తెగినచోట ఆ టైముండదు.

ఇంకో ప్రశ్న మా వీధిలోనే వచ్చింది. ‘అయితే బుడమేరులో గుర్రపుడెక్క తియ్యొద్దంటాడా మీ చైనాయన?’ అని. కాదు. పారే దారి పారేందుకు ఉండాలి, డెక్క తియ్యాలి, పూడిక తియ్యాలి, ఆక్రమణలూ తియ్యాలి. ఆయన చెప్పేది ఒడ్డు గురించి.

ఇప్పుడు మన సంగతి. బుడమేరు జలవనరుల శాఖది, దానిలో కలిసే డ్రైన్లు మీవి. నీళ్ళకి ఆ తేడా తెలియదు. అమరావతిలో కొండవీటి వాగు వరదకి నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరుల్లో రిజర్వాయర్లు పెట్టుకున్నారు. నీటికి జాగా చూపించడమే అది, మంచి ఆలోచన. వాటి ఒడ్డు ఎలా ఉండబోతోంది? గట్టుకి రాళ్ళు తాపడం చేసే రివెట్‌మెంటూ, గ్రానైటు బెంచీలూ, రంగుల లైట్లూనా? లేక జమ్మూ తుంగా బతికే వాలు గట్టా? ఇది చివరి షీటులో తేలే ప్రశ్న కాదు. గట్టు వాలు మొదటి షీటులోనే ఖాయమైపోతుంది. వాలు నిలువుగా గీసేశాక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుని పిలిస్తే ఆ మనిషి పూలకుండీలు పెట్టడం తప్ప ఏం చేస్తాడు?

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. బుడమేరు మీదా, అమరావతి వాగుల మీదా మీ శాఖ పిలిచే ఏ టెండరులోనైనా, సర్వే జరిగే రోజు నుంచే నీటి లెక్కలు కట్టే హైడ్రాలజీ ఇంజనీరు పక్కన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఉండాలని షరతు పెట్టండి. ఆ మనిషి సంతకం లేనిదే క్రాస్ సెక్షన్, అంటే కాలవని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ, పాస్ కాకూడదు. మనుషులు లేరనడానికి లేదు. ఈ చదువు చెప్పే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మన విజయవాడలోనే ఉంది. అక్కడ చదివిన పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్ళి రిసార్టులకి లాన్లు గీస్తున్నారంటే ఆ తప్పు వాళ్ళది కాదు.

యూకి 2023లో ల్యాండ్‌స్కేప్ రంగంలో పెద్దదైన ఓబర్‌లాండర్ బహుమతి వచ్చింది. 2025 సెప్టెంబరు 23న బ్రెజిల్‌లో పాంటనాల్ అనే మహా చిత్తడి నేల మీద చిన్న విమానం కూలి చనిపోయాడు, డాక్యుమెంటరీ పని మీద వెళ్ళి. ఆయన్ని పిలిపించి అడుగుదామంటే ఇక కుదరదు. చేసిన పనులు మాత్రం ఉన్నాయి. బ్యాంకాక్ మనకి దగ్గరే కదా, అక్కడ పొగాకు ఫ్యాక్టరీ జాగాలో చేసిన బెంజకిట్టి వనం 2022 నుంచి తెరిచి ఉంది. సింగపూర్ వెళ్ళే అధికారుల బృందాన్ని ఈసారి ఒక పూట అక్కడ దింపండి. వాన పడే రోజైతే మరీ మంచిది.

బుడమేరుకి గోడతో ఒక క్రాస్ సెక్షనూ, వాలు గట్టుతో ఒక క్రాస్ సెక్షనూ పక్కపక్కన గీసి, ఖర్చుతో సహా జనం ముందు పెట్టమని కూడా మనవి. గీసేవాళ్ళు తక్కువైతే నేనున్నాను. కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి, జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
సింగ్‌నగర్, విజయవాడ.