టిక్కు నాది, సమ్మతి వాళ్లది

సంపాదకులకు నమస్కారం.

నర్సీపట్నంలో బస్టాండుకి దగ్గర్లో 12 ఏళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. డేటా రక్షణ చట్టం గురించి మీ పేపర్లో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. వాటిలో 'వినియోగదారుడి సమ్మతి' అనే మాట పదే పదే కనిపిస్తోంది. ఆ సమ్మతి ఎలా పుడుతుందో తెలియాలంటే ఒక పూట మా కౌంటర్ దగ్గర కూర్చోవాలి.

స్కాలర్‌షిప్పు, అడ్మిషను, ఉద్యోగం, బీమా... ఏ సైటు తెరిచినా చివర ఒక చిన్న గడి ఉంటుంది. పక్కన ఇంగ్లిషులో నాలుగు లైన్లు, వాటి మధ్య నీలం రంగులో ఒక లింకు. నొక్కితే పేజీలకు పేజీలు. ఎదురు కుర్చీలో మనిషి ఓటీపీ చెబుతాడు, నేను గడిలో టిక్కు పెడతాను. అతను చదవలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ చదవలేదు. వెనక ఇంకో ఆరుగురు నిలబడి ఉంటారు, సర్వర్ ఎప్పుడు పోతుందోనని టెన్షన్. ఇన్నేళ్లలో ఎంతమంది తరఫున నేను 'ఒప్పేసుకున్నానో' లెక్కే లేదు.

కిందటేడు మా వీధిలో పాలకేంద్రం నడిపే పెద్దావిడ వచ్చారు. ఆరోగ్య బీమా రేట్లు పోల్చి చూపించే ఒక సైటులో వివరాలు కొట్టమన్నారు. ఆవిడకి ఫోను లేదు, నా నంబరే ఇచ్చాను (మా దగ్గర ఇది మామూలే). తొందరలో ఆవిడ ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. రేట్లు చూసి "అమ్మో" అనుకుంటూ వెళ్లిపోయారు, పాలసీ ఏమీ తీసుకోలేదు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఫోను. ఎవరో వేరే కంపెనీ వాళ్లు, సరిగ్గా ఆ తప్పు ఇంటిపేరుతోనే పిలిచారు. సాయంత్రం లోను ఇస్తామని ఇంకొకరు, మళ్లీ అదే తప్పు. క్యాలెండరు వెనక గీతలు పెట్టుకుంటూ వచ్చాను, వారంలో 11 ఫోన్లు. ఆ తప్పు నేను ఆ సైటులో తప్ప ఇంకెక్కడా కొట్టలేదు. "ఈ నంబరు మీకెవరిచ్చారు?" అని నిలదీస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా "మీరే కన్సెంట్ ఇచ్చారు మేడమ్" అంది. ఏమంటాను? టిక్కు పెట్టింది నేనే కదా.

పేరు తీసేయమని అడుగుదామని మళ్లీ ఆ సైటుకే వెళ్లాను. అర సెకనులో పెట్టిన టిక్కుని తీయడానికి ఎంత వెతికినా దారి లేదు. ఎక్కడో అడుగున ఈమెయిలు చిరునామా దొరికితే రాశాను. "మీ మెయిల్ అందింది" అని మిషను జవాబు వచ్చింది. అంతే సంగతులు.

2023 చట్టంలో దీనికి మందు రాశారు. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలట. అందులో తెలుగూ ఉంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలట. అందులోనే ఒక ఉదాహరణ నాకు బాగా నచ్చింది: ఫోనులో వైద్యం చెప్పే యాప్ మన కాంటాక్టులు కూడా అడిగి, మనం సరే అన్నా సరే, వైద్యానికి వాటితో పని లేదు గనక ఆ 'సరే' వాటికి వర్తించదు. డేటాకి సరైన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, కంపెనీల మీద అసలు బరువు పడేది 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో.

సరే, అప్పటిదాకా ఆగుదాం. నా భయం వేరే. వచ్చే తెలుగు ఎలాంటి తెలుగు? ఒక సైటులో 'హోమ్' బటన్ మీద 'ఇల్లు' అని ఉంటే, "ఇక్కడ నా ఇంటి అడ్రసు కొట్టాలా అమ్మా?" అని అడిగాడొకాయన. నోటీసు కూడా అలాగే మిషను చేత తిప్పించి పడేస్తే ఇంగ్లిషే నయం. ఏం తీసుకుంటున్నారు, ఎందుకు, ఎవరికిస్తారు, వద్దంటే ఎక్కడ నొక్కాలి... ఈ నాలుగు ముక్కలు చాలు. పైకి చదివితే అర్థమవ్వాలి. మా దగ్గర చదివేది నేను, వినేది వాళ్లు.

కంపెనీలనే అంటే న్యాయం కాదు. మొన్న ఆదివారం మా మూడో కంప్యూటర్లో 'డౌన్‌లోడ్స్' తెరిచాను. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పదో తరగతి మార్కుల మెమోలు, ఎవరిదో పాస్‌బుక్కు మొదటి పేజీ. 2019 నాటివీ ఉన్నాయి. ఎవడైనా పెన్‌డ్రైవ్ గుచ్చితే రెండు నిమిషాల పని. ఒళ్లు జల్లుమంది. రీసైకిల్ బిన్‌తో సహా అన్నీ తుడిచేశాను. ఇప్పుడు రోజూ షట్టరు దించే ముందు ఖాళీ చేస్తున్నాం. పూర్తి నంబరు అక్కర్లేని చోటికి చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసి ఇస్తున్నాను. "ఇదేంటి, నంబరేదీ?" అని కొన్ని ఆఫీసుల వాళ్లు వెనక్కి పంపేస్తున్నారు, అది వేరే కథ.

ఈ ఉత్తరం మీ వెబ్‌సైటు ద్వారా పంపుదామనుకున్నాను. పేరు, ఫోను, ఈమెయిలు కొట్టాక చివర ఒక గడి, పక్కన 'ఐ అగ్రీ'. అదీ ఇంగ్లిషులోనే. అందుకని పోస్టులో వేస్తున్నాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమానురాలు,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా
(పేరు, ఫోన్ నంబరు విడి కాగితం మీద రాశాను. అచ్చు వేయవద్దని మనవి. పని అయ్యాక ఆ కాగితం చించేయండి.)