వార్షిక నివేదిక: సామూహిక వందనలో మాత్ర, ఊపిరి, వేగం

గౌరవ సభ్యులందరికీ జై భీమ్, నమో బుద్ధాయ.

కార్యవర్గం తరఫున ఈ ఏటి నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంచారు, దాని మీద సందేహాలుంటే ఆయన్నే అడగండి. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి, వైశాఖ పూర్ణిమ, ఆషాఢ పూర్ణిమతో మొదలైన వర్షావాసం (భిక్షువులు ఒకేచోట ఉండే వానాకాలపు మూడు నెలలు), అక్టోబర్ 14 ధమ్మచక్ర ప్రవర్తన దినం, డిసెంబర్ 6 మహాపరినిర్వాణ దినం ఎప్పటిలాగే జరుపుకున్నాం. నాగార్జునసాగర్ బుద్ధవనం యాత్రకు బస్సు నిండా వచ్చారు. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ సాగదీయను.

ఈ నివేదికలో ఎక్కువ చోటు ఆదివారం వందనకే, అంటే అందరం కలిసి పాళీ భాషలో చేసే పఠనానికే ఇస్తున్నాను. ఏడాది పొడవునా కార్యవర్గం ఎక్కువగా తర్జనభర్జన పడింది దాని మీదే. కిందటి సర్వసభ్య సమావేశంలో వచ్చిన ఫిర్యాదు గుర్తుండే ఉంటుంది: వందన ఒక వారం పరుగు, ఇంకో వారం ఈడుపు. ఎవరు ముందు కూర్చుంటే వారి వేగమే అందరి వేగం. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మహారాష్ట్ర వరసలో రాగం తీసి చెబుతాయి. సికింద్రాబాద్ మహేంద్రహిల్స్‌లోని మహాబోధి విహారంలో భిక్షువుల దగ్గర విన్నవారు రాగం తగ్గించి నిలకడగా చెబుతారు. యూట్యూబ్‌లో శ్రీలంక పిరిత్ (రక్షణ కోసం చేసే సుత్తాల పఠనం) విని నేర్చుకున్న కుర్రవాళ్లది మూడో దారి. ఈ మూడు గుంపులూ ఒకే హాల్లో కూర్చుంటే త్రిసరణం (బుద్ధ, ధమ్మ, సంఘాలను శరణు వేడే వరుసలు) రెండో వరుస దాటేసరికి మూడు ముక్కలవుతోంది.

మొదట వచ్చిన సలహా ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే టిక్కు టిక్కుమంటూ లయ చూపేది, పెట్టుకోవడం. జపాన్ జెన్ ఆలయాల్లో చెక్కతో చేసిన చేప ఆకారపు వాద్యాన్ని కొడుతూ లయ నిలుపుతారు కదా, మనమూ అలాంటిది తెప్పిద్దామని మరొకరు. శ్రీలంక వైపు సంప్రదాయమైన థేరవాద వందనలో వాద్యం వాడే అలవాటు లేదు కాబట్టి రెండోదాన్ని పక్కన పెట్టాం. మెట్రోనోమ్ మాత్రం కొన్నాళ్లు వాడి చూశాం. అందరూ కలిసి చెప్పారు, నిజమే. కానీ ఒక్కో టిక్కుకు ఒక్కో అక్షరం పడేసరికి పొట్టి పొడుగుల తేడా పోయి వందన ఎక్కాలు అప్పజెప్పినట్టు తయారైంది. పాళీలో హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సంయుక్తాక్షరానికి ముందున్నదీ, బిందువు ఉన్నదీ గురువే. తెలుగు బడిలో పద్యానికి గణవిభజన చేసినవారికి ఇందులో కొత్త లేదు. కొరత వేగంలో లేదని, గురులఘువుల పాళ్లలో ఉందని అప్పుడు తేలింది.

మన సభ్యుల్లో ఒకరైన రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒక ఆదివారం బోర్డు మీద వందన మొత్తానికీ గురులఘువులు వేసి చూపించారు. ఆ లెక్కలను ఈ నివేదికలో నమోదు చేయాలని కార్యవర్గం కోరింది. ‘నమో తస్స భగవతో అరహతో సమ్మాసంబుద్ధస్స’లో 18 అక్షరాలు, 27 మాత్రలు. ‘బుద్ధం సరణం గచ్ఛామి’ 13 మాత్రలు. ‘ధమ్మం’, ‘సంఘం’ వరుసలు కూడా సరిగ్గా 13. ముందు ‘దుతియమ్పి’, ‘తతియమ్పి’ చేరితే 18. ఇంత సమంగా కుదిరిన చోట కూడా మనం విడిపోవడానికి కారణం చివరి ‘మి’. అది లఘువు. మనలో సగం మంది దాన్ని ‘గచ్ఛామీ...’ అని సాగదీస్తున్నారు. ‘తస్స’ను ‘తస్సా’ అనడమూ ఇలాంటిదే. సాగదీసినవారు ఆ రాగం పూర్తి చేసేలోపు మిగతావారు తరువాతి వరుసలో ఉంటారు.

పంచశీలంలో ఇబ్బంది వేరు. ‘వేరమణీ సిక్ఖాపదం సమాదియామి’ అయిదింటికీ ఉమ్మడి, 20 మాత్రలు. ముందు భాగమే మారుతుంది. ‘పాణాతిపాతా’ 9, ‘అదిన్నాదానా’ 9, ‘కామేసు మిచ్ఛాచారా’ 13, ‘ముసావాదా’ 7. అయిదో శీలం దగ్గరికి వచ్చేసరికి ‘సురామేరయమజ్జపమాదట్ఠానా’ ఒక్కటే 19. అంటే నాలుగో శీలం మొత్తం 27 మాత్రలయితే, దాని వెంటనే వచ్చే అయిదోది 39. నాలుగు శీలాలు ఒక్కో ఊపిరిలో చెప్పిన పెద్దవారికి అయిదో దాంట్లో ఊపిరి చాలదు. కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతారు, ఎక్కువమంది పుస్తకంలో ఖాళీ కనిపించిన చోట, అంటే ‘మజ్జ’ తరువాత ఆగుతారు. సమాసం మధ్యలో విరుగుతుంది, పక్కవారు ముందుకు వెళ్లిపోతారు. మద్యపాన నిషేధం దగ్గరే జనం తూలుతున్నారని ఒక సభ్యుడు వేసిన జోకును మినిట్స్‌లో రాయలేదు కానీ, ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను. మాస్టారు చూపిన పరిష్కారం తేలిక: ‘పమాదట్ఠానా’ దాకా ఒక ఊపిరి, ‘వేరమణీ’ నుంచి ఇంకో ఊపిరి. అటు 19, ఇటు 20. వర్షావాసం మొదలైనప్పటి నుంచి ఇలాగే చెబుతున్నాం. అక్కడ మళ్లీ గుంపు చెదరలేదు.

ఇక వేగం. సెకనుకు రెండు మాత్రల చొప్పున చెబితే ‘నమో తస్స’కు పదమూడున్నర సెకన్లు పడుతుంది, ఉబ్బసం ఉన్నవారికి అది ఒక్క ఊపిరికి లొంగదు. నాలుగు చొప్పున చెబితే ఏడు సెకన్లలోపే అయిపోతుంది. అప్పుడు నోరు తిరగని పిల్లలూ కొత్తవారూ పెదవులు కదిపి ఊరుకుంటారు. మూడు చొప్పున అయితే తొమ్మిది సెకన్లు. హాల్లో అందరికీ పట్టింది ఇదే. దీన్ని నియమంగా తీర్మానించలేదు. పండగ రోజున జనం ఎక్కువైతే కాస్త నెమ్మదిస్తుంది, చలికాలం పొద్దున కాస్త పరుగెత్తుతుంది, అందులో తప్పేమీ లేదు. ఎవరూ సెకన్లు లెక్కపెడుతూ కూర్చోవద్దని మనవి.

ఈ సందర్భంగా వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ వ్యాసంలో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్ జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే’ మంత్రం చెప్పించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించింది. మన తొమ్మిది సెకన్ల వరుసకు ఊపిరి తీసుకునే వ్యవధి కలిపితే దాదాపు అదే లెక్క వస్తుంది. ఆసక్తికరమైన సంగతే. అంతమాత్రాన వందన చేస్తే బీపీ మందులు మానేయవచ్చని ఎవరూ ప్రచారం చేయకండి, అలాంటి ఒక సందేశాన్ని అడ్మిన్లు తొలగించాల్సి వచ్చింది.

అన్నీ ఒకే వరసలో చెప్పడం మన ఇంకో అలవాటు. మంగళ సుత్తం (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశ పాఠం) గాథలు ఎక్కువగా ఎనిమిదేసి అక్షరాల పాదాలతో సాగే అనుష్టుప్ జాతివి. మన చెవికి బాగా తెలిసిన శ్లోకపు నడక కాబట్టి వాటితో పేచీ లేదు, ఒక్క ‘ఏతం మంగలముత్తమం’ దగ్గర తప్ప. పది గాథల చివర అదే వస్తుంది. నోటికి వచ్చేసిన ఆ పల్లవిని అందరూ గబగబా అనేసి, తరువాతి గాథను ఆ జోరులోనే ఎత్తుకుంటారు, పదో సారికి బండి బ్రేకులు తెగినట్టే. మెత్త సుత్తం అలా కాదు, అది నాలుగేసి మాత్రల గణాలతో కట్టినది: కరణీ, యమత్థ, కుసలే. దీన్ని శ్లోకపు వరసలోకి ఈడిస్తే లఘువులన్నీ బలవంతాన గురువులవుతాయి. రెండింటికీ రెండు నడకలని ఒప్పుకున్నాక పిల్లలే ముందుగా పట్టుకున్నారు. పాత అలవాటు వదిలించుకోవడానికి మాలాంటి వారికి శ్రమ పట్టింది. బుద్ధుడి గుణాలను చెప్పే ‘ఇతిపి సో’ అసలు పద్యమే కాదు, వచనం. అక్కడ ఊపిరి అర్థాన్ని బట్టి తీసుకోవాలి. ‘లోకవిదూ’ దగ్గర ఆగవచ్చు, ‘అనుత్తరో పురిసదమ్మసారథి’ ఒక గుణం, ‘సత్థా దేవమనుస్సానం’ ఇంకొకటి. వాటిని మధ్యలో తుంచవద్దు.

రాగం గురించి జరిగిన వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఒక పక్షం భిక్షువుల నియమాల సంపుటమైన వినయ పిటకంలోని చుల్లవగ్గను చూపించింది: భిక్షువులు ధమ్మాన్ని పాటలా సాగదీసి పాడుతుంటే, మనం పాడుకున్నట్టే వీళ్లూ పాడుతున్నారని జనం విమర్శించారు, బుద్ధుడు దాన్ని నిషేధించాడు. చెప్పేవాడు తన స్వరానికే మురిసిపోతాడు, వినేవారూ స్వరానికే అతుక్కుంటారు, ఏకాగ్రత చెడుతుంది, వెనక వచ్చేవారు దాన్నే అనుకరిస్తారు అని దోషాలు కూడా చెప్పాడు. ఎదుటి పక్షం అదే చోట తరువాతి వాక్యం చదివింది: స్వరంతో పఠించడానికి, అంటే ‘సరభఞ్ఞ’కు, ఆయనే అనుమతి ఇచ్చాడు. అవంతి నుంచి వచ్చిన సోణ కుటికణ్ణుడు జేతవనంలో అట్ఠకవగ్గ అనే గాథల భాగాన్ని అలా పఠిస్తే మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పులో నాకు నచ్చింది ఒకటుంది. పలుకు స్పష్టంగా ఉంది, తడబాటు లేదు, అర్థం తెలుస్తోంది అన్నాడు బుద్ధుడు. రాగం ఊసు లేదు, వేగం ఊసు లేదు. మహారాష్ట్ర వరసను మానెయ్యమని కార్యవర్గం ఎవరికీ చెప్పలేదు, చెప్పబోదు కూడా. ఆ వరసలోనూ ‘గచ్ఛామి’ని ‘గచ్ఛామి’గానే ముగించమని మాత్రమే మా విన్నపం.

వీణ తీగ బిగువుగానూ వదులుగానూ ఉండకూడదన్న ఉపమానాన్ని ఈ చర్చలో దాదాపు ప్రతి వక్తా వాడారు. బుద్ధుడు అది సోణ కోలివిసుడికి చెప్పింది సాధనలో ప్రయత్నం గురించి, వందన వేగం గురించి కాదు. పైగా మధ్యస్థంగా ఉండాలని అందరూ ఒప్పుకుంటారు, ఆ మధ్య ఎక్కడుందన్నదే కదా మన తగాదా.

ముందుండి చెప్పించే పద్ధతిలో కొన్ని మార్పులు చేశాం. చెప్పించేవారు ఇప్పుడు వేదిక మీద కాక జనం మధ్యలో కూర్చుంటున్నారు. మైకు వాడకం తగ్గించాం. మైకు చేతిలో ఉన్నవారికి పక్కవారి గొంతు వినిపించదు, వినిపించనిదాంతో కలవడం ఎవరి వల్లా కాదు. మొదటి మాట ఒక్కరే ఎత్తుకుంటారు, రెండో మాట నుంచి అందరూ. ఊపిరి తీసుకునే ఖాళీని ఎవరూ నింపకూడదు. కొత్తవారు వచ్చిన రోజున మాత్రం ఒకరు చెబితే మిగతావారు తిరిగి చెప్పే పద్ధతికి మారుతున్నాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందికి త్రిసరణ పంచశీలాలు ఇచ్చింది ఇలా చెప్పిస్తూనే. అక్కడ చూసుకోవలసింది వేగాన్ని కాదు, ముక్క పొడవును. మొదటిసారి విన్నవాడు గుర్తుంచుకోగలిగినంతే అందించాలి.

వైశాఖ పూర్ణిమ కొవ్వొత్తుల ఊరేగింపులో ముందువారూ వెనకవారూ కలవకపోవడానికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల వరుసలో ముందు అన్నది వెనక్కు చేరేసరికి సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ పడుతుంది, మన వేగంలో అది దాదాపు ఒక మాత్ర. వచ్చే ఏడు గుంపులుగా నడుద్దాం, ఒక్కో గుంపుకు ఒక్కొక్కరు చెప్పిస్తారు.

జూమ్‌లో చేరే ప్రవాస సభ్యులకు ఇదే సమస్య ఇంకా ఎక్కువ. నెట్‌లో గొంతు చేరడంలో జరిగే ఆలస్యం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని ఏ సాధనతోనూ సరిచేయలేం. అందుకే వందన సమయంలో మీ మైకులు ఆపుతున్నాం. మీరు మాతో కలిసి చెప్పండి, మీ గొంతు మాకు వినిపించకపోయినా. దీన్ని చిన్నచూపుగా తీసుకున్న ఒకరిద్దరికి ఫోన్ చేసి వివరించాం.

పిల్లల తరగతి బాగా నడిచింది. హాలు పైకప్పు లీకేజీ పని పూర్తయింది. ఫ్యాన్ల చప్పుడు మిగిలి ఉంది.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. ఒకటి, వందన తరువాత తెలుగులో చదివే, నాగపూర్ దీక్షలో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల పాఠాన్ని ఊపిరికి తగ్గట్టు వాక్యాలు విడగొట్టి మళ్లీ అచ్చు వేయడం. ఖర్చు సభ ఆమోదించాలి. రెండు, వర్షావాసంలో రతన సుత్తం నేర్చుకోవడం. 17 గాథలు, అందులో ఎక్కువ భాగం పాదానికి పదకొండు అక్షరాల త్రిష్టుప్ నడక, మనకు ఇప్పటిదాకా అలవాటు లేనిది. ఆషాఢ పూర్ణిమ తరువాతి ఆదివారం ఉదయం మొదలుపెడతాం. గురులఘువులు మీరే గుర్తించుకోవాలి కాబట్టి పుస్తకంతో పాటు పెన్సిల్ తెచ్చుకోండి.

కార్యదర్శి