ఆ ఆల్బమ్‌ను మొదటి నుంచి వినండి సార్

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ లేఖల శీర్షికలో ఒక రిటైర్డ్ సార్ రాసిన ఉత్తరం చదివాను. ర్యాప్‌లో రాగం లేదని, అన్నీ బూతులేనని, తాగుడు నేర్పే పాటలు వింటూ మన పిల్లలు చెడిపోతున్నారని ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే, నాకూ ఇంట్లో పిల్లలున్నారు. కానీ ఆయన తాగుబోతు పాటలకు ఉదాహరణగా అమెరికా ర్యాపర్ కేండ్రిక్ లామార్ 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' ఆల్బమ్‌లోని 'స్విమ్మింగ్ పూల్స్' పాటను పట్టుకొచ్చారు. అది చూశాక ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను హనుమకొండలో చాలాకాలం మైక్‌సెట్ దుకాణం నడిపాను. క్యాసెట్ల రోజుల్లో జనం ఖాళీ క్యాసెట్, పాటల లిస్టు పట్టుకొస్తే రికార్డు చేసి ఇచ్చేవాళ్లం. పెళ్లిళ్లకు, ఎలక్షన్లకు, ఐనవోలు మల్లన్న జాతరకు హారన్లు కట్టాం. కాబట్టి పాట ఒకందుకు పుడితే జనం దాన్ని ఇంకొకందుకు వాడుకోవడం నాకు కొత్త కాదు. విరహగీతం పెట్టి పెళ్లికొడుకును ఊరేగించినవాళ్లను చూశాను. పోయినేడు మా వీధిలో బరాత్ పోతుంటే డీజే బాక్సుల్లో ఈ 'స్విమ్మింగ్ పూల్స్' కూడా మోగింది. పోరలు సీసాలు పైకెత్తి ఎగురుతున్నారు. బహుశా సార్‌కు కూడా ఆ పాట అట్లాంటి చోటే వినబడి ఉంటుంది.

పల్లవి ఒక్కటే చెవిన పడితే అది దావత్ పాటే. అసలు సంగతి చరణాల్లో ఉంది. మొదటి చరణంలో కేండ్రిక్ తన తాత సీసా వదలకుండా తాగేవాడని చెబుతాడు. మా చుట్టూ సీసాలతోనే బతికేవాళ్లుండేవారు, కొందరు మజా కోసం తాగుతారు, కొందరు దుఃఖం చంపుకోవడానికి తాగుతారు, కొందరు నలుగురిలో కలిసిపోవడానికి తాగుతారు, నా జబ్బు అదే అంటాడు. రెండో చరణానికి వచ్చేసరికి గొంతే మారిపోతుంది. నేను నీ మనస్సాక్షిని, నా మాట వినకపోతే నీ కథ ముగుస్తుంది అని ఆ గొంతు కేండ్రిక్‌ను పేరు పెట్టి పిలిచి హెచ్చరిస్తుంది. పల్లవిలో తాగు తాగు అనేది చుట్టూ ఉన్న దోస్తులు. మన దగ్గర దావత్‌లో 'ఒక్క పెగ్గుకే ఏమైతదిరా' అని గ్లాసు చేతిలో పెట్టేవాళ్లు తెలియనిది ఎవరికి? ఆ ఒత్తిడిని ఇంతకన్నా ఉన్నదున్నట్టు పెట్టిన పాట నేనైతే వినలేదు.

ఈ పాటున్న ఆల్బమ్ 2012లో వచ్చింది. అప్పటికి కేండ్రిక్‌కు 25 ఏళ్లు. ఊరు లాస్ ఏంజెలెస్ పక్కన కాంప్టన్, గ్యాంగు గొడవలకు పేరుపడ్డ చోటు. అట్ట మీద తన చిన్నప్పటి పోలరాయిడ్ ఫోటో వేశాడు. ఒడిలో పసిపిల్లాడు, బల్ల మీద పాలసీసా, దాని పక్కనే పెద్ద మందు సీసా. పెద్దవాళ్ల కళ్లకు నల్లపట్టీలు కొట్టి, పిల్లాడి కళ్లు మాత్రం వదిలేశాడు. అంటే చూసినవాడు వాడు, చెప్పబోయేదీ వాడే. 'కేండ్రిక్ లామార్ తీసిన షార్ట్ ఫిల్మ్' అని అట్ట మీదే రాసుకున్నాడు. సినిమాను మధ్యలో పది నిమిషాలు చూసి లేచిపోతే ఏం తెలుస్తుంది?

మా తమ్ముడి కొడుకు బీటెక్ చదివే రోజుల్లో ఈ ఆల్బమ్‌ను నాకు ఫోన్లో పెట్టిచ్చాడు. అంత వేగం ఇంగ్లిష్ నాకు అందదు. లిరిక్స్ ప్రింట్ తీయించుకుని, తెలియని చోటల్లా పెన్సిల్‌తో గీతపెట్టి వాణ్ని అడుగుతూ విన్నాను. మొదట్లోనే టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పడిన చప్పుడు వస్తుంది, అక్కడే నేను పడిపోయాను! పాటల మధ్యలో కేండ్రిక్ వాళ్లమ్మ ఫోన్లో వదిలిన మాటలు వినిపిస్తాయి. పదిహేను నిమిషాల్లో వస్తానని వ్యాను తీసుకుపోయిన కొడుకు ఇంకా రాలేదు, పిల్లలు ఆకలితో ఉన్నారు, తనకు ఆఫీసులో పనుంది. వెనక నుంచి తండ్రికేమో తన డామినో బిళ్లల ఆట లొల్లి. ఆ ఇల్లు కళ్లముందు నిలబడటానికి ఆ కాస్త చాలు.

ఇందులో 'బ్యాక్‌సీట్ ఫ్రీస్టైల్' అని ఒక పాటుంది. విడిగా వింటే డబ్బు, అధికారం, ఆడవాళ్లు అంటూ విర్రవీగే పాట. ర్యాపర్లంతా ఇంతే అనిపిస్తుంది. కానీ కథలో అది ఇంకా మీసం రాని పిల్లాడు దోస్తుల కారు వెనక సీట్లో కూచుని పాడేది, వాడి కోతలన్నీ ఆ వయసు కోతలే. దాని తర్వాత పాటలో అదే కారులో అదే దోస్తులు ఒక ఇంట్లో దొంగతనానికి దిగుతారు, పోలీసు బండి వెంటపడుతుంది. ముందు పాటలోని ఎగురుడు ఎటు తీసుకుపోతుందో అప్పుడు తెలుస్తుంది. వరుస మార్చి వింటే ఇదంతా పోయినట్టే. ఇప్పుడు ఫోన్లలో షఫుల్ అని ఒకటి వచ్చింది. ఇట్లాంటి ఆల్బమ్‌లకు దానంత శత్రువు ఇంకోటి లేదు.

నన్ను కూచోబెట్టేసింది మాత్రం 12 నిమిషాల 'సింగ్ అబౌట్ మీ' పాట. మొదటి చరణంలో మాట్లాడేది కేండ్రిక్ కాదు, గొడవలో చనిపోయిన దోస్తుకు సోదరుడు. నా కథ కూడా పాడు, నీ ఆల్బమ్ వచ్చేలోపు నేను పోతే... అంటుండగా తుపాకులు మోగుతాయి. వాక్యం సగంలోనే ఆగిపోతుంది. రెండో చరణం ఒక అమ్మాయిది. చనిపోయిన తన అక్క గురించి కేండ్రిక్ అంతకుముందు పాట కట్టాడు. మా అక్క సంగతి లోకానికి చెప్పడానికి నువ్వెవడివి అని నిలదీస్తుంది. నేను మాత్రం మాసిపోయే మనిషిని కాను అని గట్టిగా చెబుతూనే ఉంటుంది, గొంతు మాత్రం మెల్లమెల్లగా తగ్గిపోతుంది. మాట ఆగదు, వినబడటం ఆగుతుంది. వాల్యూమ్ తగ్గించడం మాకు రోజూ చేసే పని. ఒక పాట నుంచి ఇంకో పాటకు పోవడానికి నాబ్ తిప్పేవాళ్లం, అంతే. ఆ చిన్న పనితో ఒక మనిషిని చంపవచ్చని నాకు తోచలేదు. ఇంకో సంగతి చూడండి, తనను తిట్టే మనిషికి తన పాటలోనే అంత చోటిచ్చాడు. మన సినిమా హీరోలు ఎవరైనా ఇస్తారా?

రాగం లేదన్న మాటకు వస్తాను. ఐనవోలులో ఒగ్గు కథ విన్నవాళ్లకు దీని జవాబు తెలుసు. కథకుడు కాసేపు పాడతాడు, కాసేపు డోలు దెబ్బ మీద వచనం నడుపుతాడు. భుజం మీది కండువా నెత్తికి చుడితే ఒకరు, కొంగులా వేస్తే ఇంకొకరు. జనగామ వైపు నుంచి వచ్చిన చుక్క సత్తయ్య గారి కథకు రాత్రంతా కదలకుండా కూచున్న జనాన్ని చూసినవాణ్ని నేను. అక్కడ లేని రాగం లొల్లి ఇక్కడెందుకు? ఒక్క గొంతులో వందమందిని పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు మనది. గొంతు మార్చి పాత్ర కట్టడాన్ని మెచ్చుకోవడం ఓరుగల్లువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక బూతులు. ఉన్నాయి, దండిగా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ కూచుని వినే ఆల్బమ్ కాదిది. చిన్నపిల్లలకు పెట్టకండి అని నేనే చెబుతాను. కొన్నిచోట్ల ఆడవాళ్ల గురించి అన్న మాటలు నాకూ రుచించవు, ఆ వీధిలో అట్లాగే మాట్లాడతారు అని సర్దిచెప్పుకున్నా రుచించవు. కానీ చివరికి దగ్గర్లో కేండ్రిక్ తండ్రే మళ్లీ ఫోన్లో మాట్లాడతాడు. మనిషిని చంపడం ఎవడైనా చేస్తాడు, బాధ్యత మోయడం, ఇంటివాళ్లను చూసుకోవడం, అదే అసలు మగతనం అని కొడుక్కు చెబుతాడు. ఆ మాటల్లోనూ బూతులున్నాయి. అంతదాకా డామినోల గోల తప్ప ఇంకేం పట్టనట్టున్న మనిషి నోట ఆ మాట వచ్చింది కాబట్టే అది తగిలింది.

ఈ కేండ్రిక్‌కే 2018లో సంగీతానికి అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది, దీని తర్వాత తెచ్చిన ఇంకో ఆల్బమ్‌కు. శాస్త్రీయ సంగీతం, జాజ్ దాటి ఆ బహుమతి బయటికి రావడం అదే మొదలు. 'గుడ్ కిడ్' అయితే పదేళ్లు దాటినా అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో కనబడుతూనే ఉంది. బహుమతి వచ్చినంత మాత్రాన గొప్పదని నేననను. 2014 గ్రామీ సంగీత అవార్డుల్లో 'గుడ్ కిడ్'కు ఒక్కటీ దక్కలేదు, దాంతో దీని విలువేం తగ్గింది?

సంపాదకులకు నా మనవి ఒకటే. మీ పత్రికలో ప్రతి సినిమా పాటకూ చోటు దొరుకుతోంది. నెలకొకసారైనా ఇట్లాంటి ఒక ఆల్బమ్ గురించి, మన యాసలో ర్యాప్ కడుతున్న పిల్లల గురించి తెలిసినవాళ్లతో రాయించండి. తిట్టినా పరవాలేదు, మొత్తం విని తిట్టాలి.

ఉత్తరం రాసిన సార్‌కు కూడా ఒక మాట. దుకాణం మూసినా నా పెద్ద స్పీకర్లు రెండు ఇంట్లోనే ఉన్నాయి, బాగానే పలుకుతాయి. ఆల్బమ్ గంట దాటుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం రండి సార్, మనవళ్లను మాత్రం ఇంట్లో వదిలి రండి. లిరిక్స్ ప్రింటు నా దగ్గరుంది, పెన్సిల్ గీతలతో సహా. మధ్యలో లేవనని మాటిస్తే చాయ్ నా ఖర్చు.

ఇట్లు,
ఒకప్పటి మైక్‌సెట్ దుకాణదారు,
కుమార్‌పల్లి, హనుమకొండ