ఫార్మాట్ చేయకుండానే మా ఫైళ్లు కాపాడిన ముగ్గురికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో నేను డీటీపీ, జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. మా కంప్యూటర్‌కు విండోస్ 11 వేయించాక వచ్చిన చిక్కుల్లో నాకు అండగా నిలిచిన ముగ్గురికి పదిమంది ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఒకరు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాలలో చదువుకుంటున్న అమ్మాయి. ఇంకొకరు చిత్తూరులో చాలా ఏళ్లు ప్రెస్సు నడిపి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న పెద్దాయన. మూడోవాడు మా పక్క దుకాణం తమ్ముడు. తమ పేర్లు రాయవద్దని ముగ్గురూ అన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందు అసలు ఎందుకు మార్చామో చెప్పాలి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత కూడా కంప్యూటర్ పనిచేస్తుంది కానీ, భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు, పిల్లల మార్కుల జాబితాలు ఫోన్ల నుంచి పంపి ప్రింట్లు తీసుకుంటారు. నమ్మి ఇచ్చిన కాగితాలు ఉండే యంత్రాన్ని రక్షణ లేకుండా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. మాకున్న రెండింటిలో ఒకదానికి కొత్త విండోస్ ఎక్కుతుంది. రెండోదానిలో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11 మామూలుగా ఎనిమిదో తరం నుంచి పైవాటినే ఒప్పుకుంటుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలంటుంది. అందువల్ల దాన్ని 10తోనే ఉంచి, పెద్ద పనులు చేసే కంప్యూటర్‌ను మాత్రం 11కి మార్పించాం.

మార్చిన రోజు అంతా బాగానే కనిపించింది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మర్నాడు ఉదయం ఒక శుభలేఖ మొదలుపెడదామని, మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము తెరవబోతే తెరుచుకోలేదు. ఒకచోట చూపిస్తే, దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచేలా టిక్కు పెట్టి ఇచ్చారు. తెరుచుకుంది. అయితే తెలుగు పడలేదు. 'శ్రీరస్తు' అని కొడితే ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. మళ్లీ చూపించాం. ఇంగ్లీషు మీటలతో తెలుగు కొట్టించే లిపి ప్యాకేజీని తీసి మళ్లీ వేశారు, ఫాంట్లన్నీ మళ్లీ ఎక్కించారు. అప్పుడూ అంతే. చివరికి "ఇక ఫార్మాట్ చేసేయడమే దారి" అన్నారు, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడం.

ఆ మాట వినగానే నాకు గుండె జారింది. ఆ కంప్యూటర్‌లో మా అత్తగారి కాలం నుంచి దుకాణంలో చేసిన శుభలేఖలున్నాయి, గంగ జాతర కరపత్రాలున్నాయి. వాటన్నిటికంటే ముఖ్యం, ఒక తెలుగు పండితుడి శతకం ఉంది. ఆయన బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. వారానికోసారి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని, పద్యం పద్యం దగ్గరుండి దిద్దించారు. నేను అరసున్న పెట్టడం మరిచిపోయిన ప్రతిచోటా ప్రూఫు మీద ఎర్ర సిరాతో ఒక చిన్న గీత గీసేవారు. 'ఱ' ఉండాల్సిన చోట 'ర' పడితే ఊరుకునేవారు కాదు. పుస్తకం అచ్చు కాకముందే ఆయన కాలం చేశారు. సంవత్సరీకానికి పుస్తకం తేవాలని ఆయన పిల్లలు కోరారు. దిద్దిన ప్రతి అంటూ ఉన్నది ఆ పేజ్‌మేకర్ ఫైలే. దాన్ని వేరేచోట దాచే ఉంచాం. కానీ ఫైలు భద్రంగా ఉంటే చాలదు, అందులోని అక్షరాలు అవే అక్షరాలుగా తెరుచుకోవాలి కదా. ఫాంటు సరిగ్గా లేకపోతే ఆ శతకం మొత్తం అర్థం లేని లాటిన్ గుర్తుల కుప్ప.

మా బాధ విని మొదట స్పందించింది ప్రాజెక్టు రికార్డు ప్రింటు కోసం వచ్చిన ఆ అమ్మాయి. తన పని పక్కన పెట్టి "అక్కా, నేనొకసారి చూడనా?" అని అడిగింది. కూర్చోగానే మౌసు పట్టుకోలేదు. ముందు రెండు ప్రశ్నలు వేసింది. "ఇందులో పోకూడనివి ఏమేమి ఉన్నాయి? కొత్త విండోస్ వేసి ఎన్నాళ్లయింది?" రెండో ప్రశ్న ఎందుకంటే, మార్చిన తర్వాత పాతదానికి వెనక్కి వెళ్లే వీలు మామూలుగా పది రోజులే ఉంటుందట. ఆ గడువు దాటితే పాత విండోస్ దాచిన ఫోల్డరును కంప్యూటరే తీసేస్తుంది. మాకు ఇంకా గడువు మిగిలే ఉంది. కాబట్టి ఏ ప్రయత్నమూ ఫలించకపోయినా వెనక్కి పోవచ్చని ధైర్యం చెప్పింది. ఆ తర్వాత మా ఫైళ్లన్నీ విడిగా ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, కాపీ సరిగ్గా తెరుచుకుంటున్నదో లేదో మరో కంప్యూటర్‌లో చూసి, అప్పుడు పని మొదలుపెట్టింది. ఎవరి కంప్యూటర్ ముట్టుకునేవారైనా ఈ అమ్మాయిలా మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఆమె చేసిన పరీక్ష చాలా చిన్నది. నోట్‌ప్యాడ్ తెరిచి, మా లిపి ఫాంటు పెట్టి, నన్ను తెలుగు కొట్టమంది. తెలుగు పడింది! అదే మీట పేజ్‌మేకర్‌లో నొక్కితే ఇంగ్లీషు. "అంటే కీబోర్డు ప్యాకేజీ బాగానే ఉందక్కా, పేజ్‌మేకర్ దాకా దాని మాట చేరడం లేదు" అంది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్‌లో ఒక నియమం ఉంది. మామూలు హోదాలో నడిచే ప్రోగ్రాము, అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రాముకు వెళ్లే మీటలను మధ్యలో పట్టుకోవడానికి వీల్లేదు. దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డులు కాజేయకుండా పెట్టిన కట్టడి అది. మా లిపి ప్యాకేజీ చేసే పనేమో సరిగ్గా అదే, మనం నొక్కిన ఇంగ్లీషు మీటను మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చి పంపడం. పేజ్‌మేకర్‌కు పెట్టిన ఆ ఒక్క టిక్కుతో దారి మూసుకుపోయింది. ఆమె టిక్కు తీసేసి, పేజ్‌మేకర్ తన సొంత ఫోల్డరులో రాసుకునేలా నా ఖాతాకు అనుమతి ఇచ్చింది. మొదట తెరుచుకోకపోవడానికి కారణం ఆ అనుమతి లేకపోవడమేనట. మళ్లీ తెరిచి 'శ్రీరస్తు' కొట్టాను. శ్రీకారం గుడిదీర్ఘంతో సహా పడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పుత్తూరు కట్టు గురించి మన జిల్లాల్లో తెలియనివారు లేరు. విరిగిన ఎముకను కోతా కుట్టూ లేకుండా చేత్తో తడిమి, ఎక్కడ జరిగిందో పసిగట్టి సరిచేస్తారు. ఆ అమ్మాయి పని చూస్తుంటే నాకు అదే గుర్తుకొచ్చింది.

శతకం ఫైలు మాత్రం ఇంకా మొరాయిస్తూనే ఉంది. తెరిచినప్పుడల్లా ఫలానా ఫాంటు లేదు, దానికి బదులు ఇంకొకటి వాడతానంటూ ఒక పెట్టె వస్తోంది. ఇక్కడే చిత్తూరు పెద్దాయన ఆదుకున్నారు. పక్క దుకాణం తమ్ముడికి ఆయన దూరపు బంధువు, ఫోన్‌లో మాట్లాడించాడు. ఆయన చెప్పిన మొదటి మాట, "అమ్మా, ఆ పెట్టె వచ్చినప్పుడు ఫైలు సేవ్ చేయవద్దు, ఏమీ చేయకుండా మూసేయండి." తర్వాత ఫాంట్లు ఎలా ఎక్కించారని అడిగారు. ఫాంటు మీద రెండుసార్లు నొక్కి 'ఇన్‌స్టాల్' కొట్టారని చెప్పాను. చిక్కు అక్కడే ఉందన్నారు. 2018 చివరి నుంచి విండోస్‌లో అలా మామూలుగా ఎక్కించిన ఫాంటు ఆ ఒక్క వాడుకరి సొంత ఫోల్డరులోకి పోతుంది. పాత ప్రోగ్రాములు కొన్ని విండోస్ ఫాంట్ల ఫోల్డరులోనే వెతుకుతాయి తప్ప అక్కడ చూడవు. ఫాంటు మీద మౌసు కుడి మీట నొక్కి, విండోస్ 11లో అయితే మరిన్ని ఎంపికలు తెరిచి, వాడుకరులందరికీ ఇన్‌స్టాల్ చేసే ఎంపిక ఎంచుకోవాలి. అలా చేశాం. పెట్టె రాలేదు.

అప్పుడు ఆయన అన్న మాట విని ఆ అమ్మాయి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ముందు అరసున్నలు చూడండమ్మా. ఫాంటు తేడా వస్తే మొదట పోయేవి అవే. తర్వాత బండి ఱలు, ఆ తర్వాత అరుదైన ఒత్తులు." ఫాంట్లతో ఏళ్ల తరబడి తంటాలు పడ్డ మనిషి తప్ప ఇంకెవరు చెప్పగలరు ఈ మాట? పండితుడి ఎర్ర సిరా ప్రూఫులు బయటికి తీశాం. ఆ అమ్మాయి తెర మీద పద్యం చదువుతుంటే నేను కాగితం మీద వేలు పెట్టి సరిచూశాను. దుకాణం కట్టే వేళ దాటినా ఆమె లేవలేదు. హాస్టలుకు ఆలస్యమవుతుందేమోనని నేనే కంగారు పడ్డాను. పక్క దుకాణం తమ్ముడు తన కొట్టు కూడా తెరిచే ఉంచి, మాకు టీ తెప్పించి, తర్వాత వాళ్లావిడను తోడు తీసుకుని ఆమెను హాస్టలు దాకా దింపి వచ్చాడు. ఒక్క అరసున్న కూడా పోలేదు.

ఈ తమ్ముడి గురించి ఇంకొక మాట చెప్పాలి. మా కంప్యూటర్ మూలపడిన రోజుల్లో ముహూర్తాల ఒత్తిడి ఎక్కువగా ఉంది. చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పెళ్లివారు కార్డులు ఎప్పుడిస్తారని పదేపదే అడుగుతున్నారు. తన దగ్గర గిరాకీ ఉన్నా, తన కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి "అక్కా, ముందు వాళ్ల పని కానివ్వండి" అన్నాడు. ఇద్దరిదీ ఒకే వ్యాపారం. ఆ పెళ్లివారిని తనవైపు తిప్పుకోవడం ఎంతసేపు? అలాంటి ఆలోచనే అతనికి రాలేదు.

మిగిలింది రెండు కంప్యూటర్ల మధ్య షేరింగ్. పాత కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటరు, అందులోని ఫోల్డరు కొత్తదానికి కనబడటం మానేశాయి. మాలాంటి దుకాణాల్లో చాలావరకు పాస్‌వర్డు లేకుండానే షేర్ చేసుకుంటాం. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే అప్‌డేట్ నుంచి అలా అతిథిగా లోపలికి పోవడాన్ని ఒప్పుకోవడం లేదు. ఆ కట్టడిని తీసేసే ఉపాయాలు చెప్పే వీడియోలు బోలెడున్నాయి. వాటి జోలికి పోనని ఆ అమ్మాయి ఖండితంగా చెప్పింది. "ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు ఉన్న కంప్యూటరక్కా ఇది" అంది. పాత కంప్యూటర్‌లో పాస్‌వర్డుతో ఒక ఖాతా తెరిచి, కొత్తదానిలో ఆ వివరాలు గుర్తుంచుకునేలా పెట్టింది. అంతటితో ప్రింటరూ వచ్చింది, ఫోల్డరూ వచ్చింది. అలాగే పాత కంప్యూటర్‌ను 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వచ్చే అదనపు పథకంలో చేర్చింది. ఆ లోగా దాని సంగతి నింపాదిగా ఆలోచించుకోవచ్చు.

వెళ్తూ వెళ్తూ ఒక సలహా ఇచ్చింది, దాన్ని మనసుకు పట్టించుకున్నాను. 2001 నాటి పేజ్‌మేకర్ మీద ఇంకెన్నాళ్లు ఆధారపడతాం? ఫోన్లలో, ఇంటర్నెట్‌లో తెలుగు రాసే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన తెలుగును అందులో అతికిస్తే ప్రశ్నార్థకాలే వస్తాయి. పాత పనులకు అది ఉండనిచ్చి, కొత్తవి యూనికోడ్‌లో మొదలుపెట్టమంది. యూనికోడ్‌లో అరసున్నకూ చోటుంది, ఱకూ చోటుంది. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు చూపించింది. వాటిలో రాయల ఆస్థాన కవుల పేర్లు పెట్టినవి ఉన్నాయి. మన శ్రీకాళహస్తీశ్వరుడి మీద శతకం చెప్పిన ధూర్జటి పేరిట కూడా ఒకటుంది. పండితుడి శతకానికి ముఖపత్రం మీద పేరు ఆ ధూర్జటి ఫాంటులోనే వేశాం. ఆయన పిల్లలు చూసి చాలా సంతోషించారు.

అమ్మా, నువ్వు డబ్బు తీసుకోనన్నావు. నీ రికార్డు, నీ స్నేహితుల రికార్డులు ఈ ఏడాదంతా ఇక్కడే బైండింగ్ చేయించుకోవాలి, కాదంటే ఒప్పుకోను. చిత్తూరు పెద్దాయనకు పాదాభివందనాలు. మీరు ఫోన్‌లో చెప్పినవన్నీ తెలుగులో రాసి, రెండు పేజీలుగా ప్రింటు తీసి కౌంటరు దగ్గర పెట్టాను. విండోస్ మార్చాక పేజ్‌మేకర్‌లో తెలుగు పడని డీటీపీవారు ఎవరైనా సరే వచ్చి తీసుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు. తమ్ముడూ, నీ ప్రింటరు టోనరు మా పనికే సగం అయిపోయింది. కొత్తది తెప్పించాను, కొట్టు తెరవగానే వచ్చి తీసుకెళ్లు. శతకం బైండింగ్‌లో ఉంది. ముగ్గురికీ తలా ఒక ప్రతి పండితుడి కుటుంబం తరఫున పంపిస్తాం. పెద్దాయనా, మీ ప్రతిలో అరసున్న ఎక్కడైనా తప్పిపోయి కనబడితే వెంటనే ఫోన్ చేయండి, రెండో ముద్రణలో దిద్దుకుంటాం.