ఓడను ఆపడం కారు నిలపడం కాదు

సంపాదకుడికి,

పదిహేను రోజుల కిందట మీ ఆదివారం సంచికలో, విహార నౌకలు రేవులో ఢీకొన్న వీడియోల గురించి అరపేజీ వ్యాసం వచ్చింది. ‘పార్కింగ్ రాని కెప్టెన్లు’ అని దానికి శీర్షిక. చదివిన రోజే ఒక ఉత్తరం రాశాను. కోపం ఎక్కువైందని మా ఆవిడ అంటే చింపేశాను. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. నేను విశాఖ రేవులో 31 సంవత్సరాలు టగ్గుల మీద, అంటే పెద్ద ఓడలను లాగి, నెట్టే చిన్న పడవల మీద పనిచేసి, వాటిని నడిపే సరంగుగా విరమించినవాణ్ణి. ఓడను బెర్తుకు, అంటే కట్టే చోటుకు, చేర్చడం ఎలాంటి పనో నాకు తెలుసు. ఆ పనిలో మనుషులు చనిపోతారని కూడా తెలుసు. దాన్ని మీరు ఆదివారం నవ్వుకోవడానికి వేశారు.

కారుకు బ్రేకు ఉంటుంది. ఓడకు లేదు. ఆపాలంటే ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పాలి, తిప్పాక కూడా అది చాలా దూరం సాగిపోయి గాని నిలవదు. చుక్కాని పనిచేయాలంటే దాన్ని రాసుకుంటూ నీరు పారుతుండాలి. రేవులోకి రావాలంటే వేగం తగ్గించాలి, వేగం తగ్గేకొద్దీ చుక్కాని మాట వినదు. సరుకు నిండిన ఓడ నీళ్లలో బరువుగా కూర్చుంటుంది. విహార నౌక అలా కాదు, పది పన్నెండు అంతస్తుల గోడ నీటి మీద నిలబడినట్టు ఉంటుంది. గాలి వీచిందంటే ఆ గోడంతా తెరచాపే. అందుకే ముందు కొసకు (అణియానికి) ఒక టగ్గు, వెనక కొసకు (అమరానికి) ఒక టగ్గు కట్టి, ఆ రేవు నీళ్లు తెలిసిన స్థానిక పైలట్ ఓడెక్కి దారి చెబుతుంటే అంగుళం అంగుళంగా ఒడ్డుకు చేరుస్తారు. బిగిసిన మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. దాని దారిలో నిలబడకూడదని కొత్త ఖలాసీకి మొదటి రోజే చెబుతాం. కాలో ప్రాణమో పోయిన ఖలాసీలు ప్రతి రేవులోనూ ఉన్నారు.

ఇంకొకటి. ఇటలీలోని వెనిస్‌లో ఢీకొన్న ఓడ ‘65 వేల టన్నుల బరువు’ అని రాశారు. అది బరువు కాదు, గ్రాస్ టన్నేజీ. అంటే ఓడలో మూసి ఉన్న జాగా ఎంతో చెప్పే లెక్క. పెద్ద పత్రికలో ఒక్కరైనా ఫోను చేసి అడగలేకపోయారా? ఒకప్పుడు రేవు వార్తలు రాసే విలేఖరులు మా దగ్గరికి వచ్చి, టీ తాగుతూ గంటసేపు కూర్చుని, తెలియనిది అడిగి రాసుకుని వెళ్లేవారు. ఇప్పుడు వీడియో చూసి రాసేస్తున్నారు.

ఆ వెనిస్ సంగతే తీసుకోండి. 2019 జూన్ 2 ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో జుడెక్కా కాలువలో 275 మీటర్ల ఎంఎస్‌సీ ఒపెరా అనే విహార నౌక అదుపు తప్పింది. ఇంజను మొరాయించింది, ముందుకు తోసే శక్తి మాత్రం ఆగలేదు. కెప్టెన్ ఆ మాట వెంటనే చెప్పాడని టగ్గుల సంస్థ అధిపతే ప్రకటించాడు. రెండు టగ్గులు వెనక్కి లాగి చూశాయి. మోకు తెగింది. ఆ ఓడ హారన్ మోగిస్తూనే వెళ్లి, ఒడ్డున కట్టి ఉన్న రివర్ కౌంటెస్ అనే చిన్న యాత్రికుల పడవను గుద్ది, సాన్ బాసీలియో గట్టును రాసుకుంది. పడవలో నుంచి జనం గట్టు మీదకు దూకి పరుగెత్తారు. నలుగురైదుగురు గాయపడ్డారు. మీ వ్యాసంలో ఉన్నది ఆ పరుగు ఫొటో ఒక్కటే. తెగిన మోకు సంగతి లేదు. ఆ టగ్గుల్లో ఉన్నవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అంత పెద్ద ఓడను లాగుతున్నప్పుడు మోకు ఎలా మూలుగుతుందో విన్నవాడికి ఆ వీడియో చూస్తే నవ్వు రాదు.

కెప్టెన్లను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. తప్పు చేసిన కెప్టెన్ శిక్ష అనుభవించాల్సిందే. కానీ అంత ఓడను ఆ కాలువలోకి ఎవరు రానిచ్చారని మీ వ్యాసం ఎందుకు అడగలేదు? 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక ఇటలీలోని జిల్యో దీవి దగ్గర రాయిని కొట్టుకుని 32 మంది చనిపోయారు. రెండు నెలలు తిరక్కుండానే, 40 వేల టన్నేజీ దాటిన ఓడలు వెనిస్ జుడెక్కా కాలువలోకి రాకూడదని ఇటలీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వేరే దారి దొరికేవరకు అది అమలు కాదని అదే ఉత్తర్వులో రాశారు. ఆ దారి ఏడేళ్లయినా దొరకలేదు. ఊరివాళ్లు పడవల మీద జెండాలు కట్టుకుని కాలువలోకి వచ్చి పెద్ద ఓడలు వద్దని అరిచారు. అధికారులు కమిటీలు వేశారు. ఒపెరా గుద్దింది. ఐదు వారాలకే, జూలై 7న, గాలివానలో కోస్టా డెలిజియోజా అనే మరో విహార నౌక గట్టుకు తగలబోయి తృటిలో తప్పించుకుంది. అప్పటికీ నిషేధం రాలేదు. 25 వేల టన్నేజీ గాని 180 మీటర్ల పొడవు గాని దాటిన ఓడలు ఆ దారిన రాకూడదన్న మాట 2021 ఆగస్టు 1న అమలుకు వచ్చింది. కాంకోర్డియా నుంచి లెక్కిస్తే తొమ్మిదిన్నరేళ్లు.

ఇటలీలోనే ఉన్న జెనోవా రేవు సంగతి మీ వ్యాసంలో లేనే లేదు. అక్కడ గుద్దింది సరుకు ఓడ కాబట్టి వదిలేసి ఉంటారు. 2013 మే 7 రాత్రి జాలీ నీరో అనే ఓడ రేవు నుంచి బయలుదేరుతూ, పైలట్ ఉండగానే, టగ్గులు ఉండగానే, రేవు కంట్రోల్ టవర్‌కు తగిలింది. టవర్ కూలి తొమ్మిది మంది చనిపోయారు. ఓడలు తిరిగే చోట, నీటి అంచున ఆ టవర్‌ను ఎవరు కట్టనిచ్చారని మృతుల కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. నా ప్రశ్న కూడా అదే.

2019 డిసెంబర్ 20న మెక్సికోలోని కోజుమెల్‌లో కార్నివాల్ గ్లోరీ అనే విహార నౌక వెళ్లి, కట్టి ఉన్న కార్నివాల్ లెజెండ్ అనే నౌకను కొట్టిన వీడియోను మీరు పెద్దగా వేశారు. అందులో దెబ్బలు స్వల్పమే. ఈజిప్టులోని షార్మ్ ఎల్ షేక్ ప్రమాదానికి మాత్రం ఒక్క వాక్యం ఇచ్చారు, ‘బలమైన గాలికి జెట్టీని ఢీకొంది’ అని. అది 2010 ఫిబ్రవరి 26 తెల్లవారుజాము. కోస్టా యూరోపా అనే విహార నౌక జెట్టీకి తగిలి పక్కభాగం చీలింది. ముగ్గురు సిబ్బంది చనిపోయారు. ఒకరు బ్రెజిల్ మనిషి, ఒకరు హోండురాస్ మనిషి, మూడో మనిషి భారతీయుడు. మన దేశం మనిషి చనిపోయిన ప్రమాదం కూడా ‘పార్కింగ్’ శీర్షిక కిందికే వచ్చింది. ఓడ పైఅంతస్తుల్లో విహారానికి వచ్చినవాళ్లు ఉంటారు. సిబ్బంది గదులు ఎక్కువగా కింద, నీటిమట్టం దగ్గర ఉంటాయి. పక్క చీలితే ముందు వాళ్లకే ముప్పు. విహార నౌకల్లో వంటవాళ్లుగా, స్టీవార్డులుగా, ఇంజను గది మనుషులుగా మన పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు. మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ల తల్లులూ మీ పత్రిక చదువుతారు.

ఇక మన ఊరి సంగతి. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే తొలి ఓడ వచ్చిన రేవు ఇది. ఔటర్ హార్బర్‌లో దాదాపు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. నేను సంతోషించాను. అంతకుముందు సంవత్సరం చెన్నై నుంచి ఎంప్రెస్ అనే విహార నౌక వచ్చినప్పుడు మనవరాలిని బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి చూపించాను. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన తెల్లటి ఓడ కదులుతుంటే ఎవరికైనా గర్వంగానే ఉంటుంది. మన పైలట్లు దేశంలో ఎవరికీ తీసిపోరు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. అయితే ఆ టెర్మినల్‌కు దగ్గరలోనే చేపల రేవు ఉంది, వందల మరబోట్లు వచ్చిపోతుంటాయి. వెనిస్‌లో దెబ్బ తిన్నది చిన్న పడవ అని గుర్తుంచుకోండి. గాలి ఎంత వేగం దాటితే విహార నౌకను లోపలికి రానివ్వరు? ఎన్ని టగ్గులు కడతారు? ఆ సమయంలో మరబోట్లను ఎక్కడ ఆపుతారు, ఎవరు చెబుతారు? ఈ నియమాలు రేవు లోపలివాళ్లకు తెలిస్తే చాలదు, జాలరిపేటలో అందరికీ తెలుగులో తెలియాలి. మీ పత్రిక టెర్మినల్ మీద రాసిన ప్రతి వార్తలోనూ భోజనం రకాలు, టికెట్ ధరలు చదివాను. ఈ ప్రశ్నల్లో ఒక్కటీ కనబడలేదు.

మనకు జరిగినవి తక్కువా? 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోట్లు మునిగి ఎంతమంది పోయారు? గోదావరి ఐదు లక్షల క్యూసెక్కుల వరదలో ఉన్న రోజున 77 మందితో కచ్చులూరు దగ్గర మునిగిన ఆ బోటు బయలుదేరింది. పోయాక మంత్రులు వచ్చారు, కమిటీలు వచ్చాయి, లైఫ్ జాకెట్లు వచ్చాయి. అవన్నీ బోటు కదలకముందు ఎందుకు రావు? అనుమతి కాగితం మీద సంతకం పెట్టే అధికారి ఒక్కసారి ఒడ్డుకు వెళ్లి నీళ్లు చూసి సంతకం పెట్టడం అంత కష్టమా? మా రోజుల్లో గాలి బాగా లేదని హార్బర్ మాస్టర్‌కు సరంగు చెబితే వినేవారు. తిట్టినా సరే, వినేవారు.

అందుకని నేను అడిగేది మూడు పనులు. టన్నేజీ తప్పును సవరణగా వేయండి. షార్మ్ ఎల్ షేక్‌లో ముగ్గురు పోయారన్న సంగతి, జెనోవాలో తొమ్మిది మంది పోయారన్న సంగతి, వీడియోలు వేసిన ఆ పేజీలోనే వేయండి. మీ విశాఖ విలేఖరిని ఒకసారి ఔటర్ హార్బర్‌కు పంపి, గాలి గురించి, టగ్గుల గురించి, మరబోట్ల గురించి పై ప్రశ్నలు రేవు అధికారులను అడిగించి, వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయండి. ఆయనకు ఓడల సంగతి తెలియకపోతే మా ఇంటికి పంపండి. మోకు ముడి దగ్గర నుంచి అన్నీ చెబుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టగ్గు సరంగు,
విశాఖపట్నం